చక్రతీర్థానికి పోతూ చక్రం విప్పిన వైనం

ఈ పత్రికలో యాత్రలను గూర్చి వ్రాసేవారు గుళ్ళూ గోపురాలూ, నదులూ సత్రాలూ వర్ణించడం పరిపాటి. మేమూ ఆ ఉద్దేశంతోనే కాగితం ముందు పెట్టుకొన్నాము. కాని మొన్న శివరాత్రి ఉత్సవాలకు బరంపురం నుంచి శ్రీముఖలింగం పోయినప్పుడు మేము దేవుణ్ణి చూచినది అరగంట, ఒక పాత కారు వెనుక చక్రాన్ని చూచినది ఆరు గంటలు. ఎక్కువ సేపు చూచినదాన్ని గూర్చి ఎక్కువగా వ్రాస్తే పాఠకులు మన్నిస్తారని ధైర్యం.

దూరాన బెంగుళూరులోనూ, కోయంబత్తూరులోనూ ఉన్న మన సోదరులకు ముందుగా మా ఊరి సంగతి రెండు ముక్కలు మనవి చేయాలి. మా బరంపురం ఒకప్పుడు మద్రాసు రాజధానిలో గంజాం జిల్లాకు చెందిన పట్టణం. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు బరంపురం అటు పోయింది, పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయింది. మా తాతగారు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదిలింది. రాష్ట్రపతి పదవి నలంకరించిన వి.వి. గిరిగారు 1894లో పుట్టినది మా ఊళ్ళోనే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో రెండూ కలిపి కొట్టడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. పిల్లలు మాత్రం తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అది మా ఇంటికొక్కదానికే ఉన్న బాధ కాదని పాఠకులకు తెలుసు.

ఇక కారు సంగతి. అది ప్రీమియర్ పద్మిని. మా నాన్నగారు 1989లో కొన్నారు. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు తయారు చేస్తూ, తరువాతి కాలంలో చిత్తూరుగఢ్ రాణి పేరు పెట్టి అమ్మిన బండి అది. ఈ శతాబ్దం మొదట్లోనే దాని తయారీ ఆగిపోయింది. బొంబాయిలో టాక్సీగా కూడ 2023 అక్టోబరులో దానికి సెలవు దొరికింది. మా ఇంట్లో మాత్రం సెలవు లేదు. పదిహేనేళ్ళు నిండిన తరువాత అయిదేళ్ళకొకసారి కాగితాలు కొత్తవి చేయించుకొంటూ నడుపుతున్నాము. నాన్నగారు ఏటా శివరాత్రి ఉత్సవాల చివర జరిగే చక్రతీర్థ స్నానానికి మా అమ్మగారిని ఆ కారులోనే ముఖలింగం తీసుకుపోయేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది. మూడేళ్ళుగా అమ్మ ఆ ఊసు ఎత్తలేదు. ఈ యేడు సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒకనాడు అన్నం తింటూ, "మోకాళ్ళు ఇంక వచ్చే యేటికి మాట వినేటట్టు లేవురా. ఒక్కసారి వంశధారలో మునిగి వస్తే బాగుండును" అన్నది. అంతే.

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. డిసెంబరు నుంచే కారు వెనుక నుంచి ఒక మోత వస్తున్నది. మొదట తుమ్మెద ఝుంకారంలాగా ఉండి, వేగం పెరిగేకొద్దీ స్థాయి పెంచేది. గేరు మార్చినా, ఇంజను ఆపి దొర్లించినా మోత మారేది కాదు. అంటే దోషం ఇంజనులో లేదు, దొర్లేదానిలో ఉన్నది. మా ఊరి మెకానిక్కు బండిని కుడివైపు వంపులో తిప్పి చూచాడు. మోత హెచ్చింది. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద ఒరుగుతుంది గదా. "ఎడమ వెనుక చక్రం బేరింగు పోతున్నది బాబూ, రెండున్నర వేలవుతుంది, మార్పించండి" అన్నాడు. మేము తల ఊపి వచ్చేశాము. ఆ నెలలోనే వాయిదాల మీద పెద్ద టెలివిజను కొన్నాము. అమ్మ వెనుక సీటులో కూర్చొని, "ఏమిటిరా ఆ మూలుగు?" అని అడిగినప్పుడు, "టైరు చప్పుడమ్మా, కొత్త రోడ్డు గరుకు" అన్నాము. గుమాస్తాగిరిలో ఇరవై యేళ్ళుగా కాగితం పక్కకు పెట్టడం అలవాటైనవాళ్ళకు చక్రం కూడ ఒక కాగితంలాగే కనిపిస్తుంది కాబోలు.

అసలు బేరింగు అంటే ఏమిటో తెలియని ఆడవారి కోసం, తెలిసినట్టు నటించే మగవారి కోసం కూడ చెబుతాము. ఒకదానిలో ఒకటి పట్టే రెండు ఉక్కు కడియాలు, వాటి మధ్య గాడిలో నున్నటి ఉక్కు గోళీలు. లోపలి కడియం ఇరుసును కరచుకొని ఉంటుంది, బయటి కడియం గొట్టంలో కూర్చుంటుంది, గోళీలు దొర్లుతాయి. ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎంత అవసరమో, దీనికి గ్రీజు అంత అవసరం. నీరు చొరబడి గ్రీజు చెడితే, గాడిలో చిన్న గుంట పడుతుంది. ఆ గుంట మీదుగా పోయే ప్రతి గోళీ దాన్ని మరికొంచెం తవ్వుతుంది. మా బండికి చెడుపు ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలుస్తున్నది. అక్టోబరు వానల్లో మా వీధిలో చక్రం సగం మునిగే నీళ్ళలో రెండు రోజులు ఆఫీసుకు పోయి వచ్చాము. తరువాత ఎవరి చేతా విప్పించి చూపించలేదు.

స్నానానికి ముందునాడు తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరాము. అమ్మ, మా శ్రీమతి, పదవ తరగతి అబ్బాయి, ఏడవ తరగతి అమ్మాయి. గిరిసోల దాటగానే బోర్డుల మీద గుండ్రటి ఒడియా అక్షరాలు పోయి గుండ్రటి తెలుగు అక్షరాలు వస్తాయి. పిల్లలకు ఆ క్షణం నుంచి చదువు రాదు. అమ్మ ఒక్కొక్క బోర్డూ పైకి చదివి వాళ్ళ చేత చెప్పించింది. ఇచ్ఛాపురం దగ్గర బాహుదా నది వంతెన దాటాము. కంచిలి, సోంపేట దాటి ఉద్దానంలో పడితే రోడ్డుకు ఇరువైపులా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఇక్కడి కొబ్బరిని నేలకూల్చింది. ఆ తరువాత నాటిన చెట్లు ఇప్పుడు రోడ్డున పోయేవారికి నీడనిచ్చే ఎత్తుకు వచ్చాయి. పడమట మహేంద్రగిరి నీలంగా కనిపించింది. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ ఆ కొండల కూతురేనని అమ్మ పిల్లలకు చెప్పింది.

అప్పటికి మోత తుమ్మెదది కాదు, రాగి బిందెలో గులకరాళ్ళు వేసి తిప్పినట్టున్నది. అమ్మ మాట మధ్యలో ఆపి, "బండి ఆపురా. అది టైరు కాదు. మీ నాన్నగారితో ముప్పయి యేళ్ళు తిరిగాను ఈ బండిలో, నాకు తెలుసు" అన్నది. బ్రేకు మీద కాలు వేశాము. కాలు మెత్తగా లోపలికి దిగింది, కాని బండి ఎప్పుడూ ఆగేచోట ఆగలేదు. గుండె జారింది.

రోడ్డు పక్కన దిగి చూస్తే ఎడమ వెనుక చక్రం లోపలి వైపు నల్లటి నూనె చారలు. చెయ్యి దగ్గరికి పెడితేనే వేడి తగులుతున్నది. వెనుక వస్తున్న లారీ డ్రైవరు ఒడియావాడు. మా బండి నంబరు చూచి ఆగాడు. వంగి చూచి, "భాయ్, ఏ చకొ రహిబొ నాహీఁ" అన్నాడు. ఈ చక్రం నిలవదని అర్థం. కాశీబుగ్గ ఇంకా ఎనిమిది కిలోమీటర్లన్నాడు. అమ్మనూ పిల్లలనూ, మా శ్రీమతినీ ఒక ఆటోలో ఎక్కించి వెనుక రమ్మని, మేము ఒక్కరమే కారును నడకకన్న కొంచెం వేగంగా పోనిచ్చాము. ఆ ఎనిమిది కిలోమీటర్లూ పట్టిన సేపు మాకు టెలివిజను గుర్తుకు వచ్చినన్ని సార్లు దేవుడు గుర్తుకు రాలేదు.

కాశీబుగ్గలో రోడ్డుకు కొంచెం లోపలగా ఒక రేకుల షెడ్డు. అరవై దాటిన మేస్త్రీ, పదిహేడేళ్ళ గుంటడు ఒకడు. మేస్త్రీ ముందుగా మమ్మల్ని గాక బండిని పలకరించాడు. "పద్మినీ! సూసి ఎన్నాళ్ళయినాది!" తరువాత మా వైపు తిరిగి, "ఏటి బాబూ, ఎక్కడినుంచి ఇలాగ తోలుకొచ్చినారు?" అన్నాడు.

ముందు చక్రాలకు ఇరువైపులా రాళ్ళు పెట్టించాడు. ఈ బండికి చేతి బ్రేకు వెనుక చక్రాలకే పడుతుంది. డ్రమ్ము ఊడాలంటే దాన్ని వదలాలి. అందుచేత రాళ్ళు లేకుండా జాకీ ఎత్తితే బండి మీదికి దొర్లుతుందని గుంటడికి పాఠం చెప్పినట్టు మాకూ చెప్పాడు. జాకీ మీద ఎత్తి, కింద దన్నుగా మొద్దులు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపాడు. టకటకమని ఆడింది.

"అమ్మగోరూ, ఇలాగ సూడండి" అని అమ్మను పిలిచాడు. "ఈ బండికి బరువు మొత్తం ఈ ఒక్క బేరింగు మీదే ఉంటాది. ఇది పగిలిపోతే ఇరుసు, డ్రమ్ము, సక్రం మూడూ కలిసి గొట్టంలోంచి బయటికొచ్చేస్తాయి. ఇంకో పదిమైళ్ళు పోయుంటే సక్రం మిమ్మల్ని దాటి ముందెల్లిపోయుండును."

ఎడ్లబండికి శీల ఊడితే ఏమవుతుందో అమ్మకు తెలుసు. ఆమె మా వైపు చూచింది. ఏమీ అనలేదు. అంటే బాగుండునని అనిపించింది.

చక్రం, దాని వెనుక డ్రమ్ము ఊడదీశారు. బ్రేకు షూల నిండా గేరు నూనె. బేరింగు ఊగడం మొదలైతే దాని లోపలి వైపున ఉన్న నూనె సీలు అరిగిపోతుంది. అప్పుడు ఇరుసు గొట్టంలోని నూనె బ్రేకు మీదికి వస్తుంది. ఒక చక్రానికి మోత, అదే చక్రానికి బ్రేకు లేకపోవడం రెండు రోగాలు కావు, ఒకే రోగం. ఇరుసు చివరి పళ్ళెంలో ఉన్న రంధ్రాల గుండా పానా దూర్చి, బేరింగును పట్టి ఉంచే బిళ్ళ తాలూకు నాలుగు నట్లు విప్పారు. ఇరుసు ఊరికే రాదు. మేస్త్రీ చక్రాన్ని మళ్ళీ వదులుగా బిగించి, రెండు చేతులా పట్టి తన వైపు నాలుగు దెబ్బలు లాగాడు. ఇరుసు నూనె కారుతూ బయటికి వచ్చింది. బేరింగును మా చేతికిచ్చి తిప్పమన్నాడు. చెరకు నమిలినట్టు కరకరలాడింది. గోళీలలో ఒకటి చెక్కుపోయి ఉన్నది.

ఇక సామాను. తయారీ ఆగిపోయిన బండికి భాగాలెక్కడ దొరుకుతాయని మా దిగులు. మేస్త్రీ కడియం అంచును గుడ్డతో తుడిచి అంకెలు చదివాడు. బేరింగు అంకెలు ప్రపంచమంతటా ఒక్కటేనట. ఇలాంటి గోళీ బేరింగు అంకెలలో చివరి రెండింటినీ, అవి నాలుగుకు తక్కువ కాకుంటే, అయిదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. "కంపెనీ పోతాది గాని నంబరు పోదు బాబూ" అన్నాడు. నిజంగానే, మోటారు పంపుల సామాన్ల కొట్లో ఆ నంబరుది దొరికింది. 520 రూపాయలు. నూనె సీలు 90.

దొరకనిది ఒక్కటే. బేరింగు ఇరుసు మీద నుంచి జారకుండా దాని వెనుక బిగువుగా ఎక్కే ఉక్కు కడియం. పాతదాన్ని మరతో తొలిచి, చీనంతో పగులగొట్టి తీయవలసిందే. ఇరుసుకు గాటు పడకుండా ఆ పని చేయడానికి మేస్త్రీకి ముప్పావుగంట పట్టింది. పాతదే అతికించి వేయరాదా అని మేము నోరు జారాము. "దాని మీదే గదా బాబూ, మీ అమ్మగోరు కూకున్నది" అన్నాడు. తరువాత మేము మాట్లాడలేదు.

లేత్ మిషను ఉన్న షెడ్డు రెండు వీధుల అవతల. అక్కడి పనివాడు ఇరుసును మైక్రోమీటరుతో కొలిచి, మంచి ఉక్కు ముక్క ఏరి, రంధ్రం ఇరుసుకన్న వెంట్రుకవాసి తక్కువగా తొలిచాడు. ఆ వెంట్రుకవాసి బిగువే ప్రాణం. ఎక్కువైతే ఎక్కదు, తక్కువైతే నిలవదు. అది తయారయ్యేసరికి మూడు గంటలైంది. అమ్మ జీడిపప్పు బట్టీ పక్కన అరుగు మీద కూర్చొని, అక్కడి ఆడవాళ్ళతో మాటలు కలిపింది. పలాస జీడిపప్పు పేరు విన్నవారే గాని, గింజ పగులగొట్టేవారి వేళ్ళు జీడి నూనెకు ఎలా నల్లబడతాయో చూచినవారు తక్కువ. మా అమ్మాయి చూచింది.

ఎక్కించేటప్పుడు చూడవలసినవి మూడు. మొదటిది వరుస. ముందు బిళ్ళ, తరువాత బేరింగు, చివర కడియం. గుంటడు బిళ్ళ మరచి బేరింగు చేతబట్టాడు. మేస్త్రీ వీపు మీద చిన్నగా తట్టి, "అది లేకుండా ఎక్కిస్తే మళ్ళీ మొదటికే" అన్నాడు. రెండవది, బేరింగును ప్రెస్సులో నొక్కేటప్పుడు బలం లోపలి కడియం మీదనే పడాలి. బయటి కడియం మీద పడితే ఆ బలమంతా గోళీల గుండా పోయి, కొత్తదానికి అప్పుడే గుంటలు పడతాయి. సుత్తితో కొట్టి ఎక్కించేవారి చేతిలో కొత్త బేరింగు నెల తిరగకుండా పాటపాడేది ఇందుకే. మూడవది, కడియాన్ని బొగ్గుల మీద కాల్చేటప్పుడు ఎర్రబడనీయకూడదు. ఉక్కు పసుపు రంగు తిరిగి, ఊదాకు మారి, నీలం వచ్చేసరికి తీసి, పట్టకారుతో ఇరుసు మీద జార్చి, ప్రెస్సుతో ఒక్క అదుము. చల్లారగానే అది ఇరుసును కరచుకొన్నది. ఆ వేడి బేరింగుకు సోకి గ్రీజు కరగకుండా తడిగుడ్డ చుట్టాడు.

గొట్టం నోట్లో కొత్త సీలు కూర్చోబెట్టి, ఇరుసు దూర్చి, లోపలి పళ్ళు కలిసేదాకా నెమ్మదిగా తిప్పి, నాలుగు నట్లూ ఎదురెదురుగా బిగించారు. నూనె తాగిన బ్రేకు షూలు కడిగినా లాభం లేదని కొత్తవి వేశాడు. కారిన గేరు నూనె నింపాడు. చక్రాన్ని ఒక్కసారి తిప్పి వదిలితే చప్పుడు లేకుండా తిరిగి తిరిగి దానంతట అది ఆగింది. మొత్తం 3,400 రూపాయలు. రోడ్డు మీద పడిన ఆ రోజుకు బరంపురంలో చెప్పిన దానికన్న తొమ్మిది వందలు మాత్రమే ఎక్కువ. తక్కినది అమ్మ భయంతో గడిపిన పూట. దానికి బిల్లు ఎవరు వేస్తారు?

కాశీబుగ్గ వదలేసరికి చీకటి పడింది. ఆ రాత్రి టెక్కలిలో బంధువుల ఇంట తల దాచుకొన్నాము. అక్కడ పెరట్లో చేతులు కడుక్కొంటూ, "అమ్మా, డిసెంబరులోనే చెప్పాడు మెకానిక్కు. నీకు అబద్ధం చెప్పాము" అన్నాము. "నాకు తెలుసులేరా. మీ నాన్నగారూ అంతే, రూపాయి దగ్గర అబద్ధాలాడేవారు. కాని ప్రయాణానికి ముందురోజు మాత్రం బండి కింద దూరి చూచేవారు" అన్నది.

మర్నాడు కోటబొమ్మాళి దాటి, పెద్ద రోడ్డు వదలి, జలుమూరు మీదుగా ముఖలింగం చేరేసరికి జనం ఏరు కన్న వెడల్పుగా ఉన్నారు. సగం మంది మా వైపు ఒడియావారు. మొక్కు ఏ భాషలో మొక్కుకొన్నా ఇసుక ఒకే రీతిన కాలుతున్నది. అమ్మ కాళ్ళకు ఆ తోపులాట పనికి రాదు. మధ్యాహ్నం దాకా ఒక చెట్టు నీడన కూర్చొని, జనం పలచబడిన తరువాత వంశధారలోకి దింపాము. మోకాటి లోతు నీరు. మనుమడు ఒక చెయ్యి, మనుమరాలు ఒక చెయ్యి పట్టుకోగా మూడు మునకలు వేసింది. మూడవ మునకకు నాన్నగారి పేరు చెప్పుకొన్నది.

తరువాత మధుకేశ్వరుని దర్శనం. మధూకమంటే ఇప్పచెట్టు. సవరల ఇప్పచెట్టులో స్వామి ముఖం చూపినాడని స్థలపురాణం. ఇదే తూర్పు గాంగుల కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. పూరీ జగన్నాథాలయాన్ని 12వ శతాబ్దంలో ఆరంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశపు రాజే. ఇక్కడి గోడల మీద సంస్కృత శాసనాలూ, తెలుగు శాసనాలూ ఉన్నాయి. మా అమ్మాయి ఒక రాతి మీద వేలు పెట్టి, "ఇది 'న'నా నానమ్మా?" అని అడిగింది. ఏడెనిమిది వందల యేళ్ళనాటి లిపి అమ్మకూ తెలియదు, మాకూ తెలియదు. అయినా అమ్మ, "అవునే, అలాగే ఉంది" అన్నది. ఆ అబద్ధాన్ని మేము తప్పు పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో బండి లోపల ఎంత నిశ్శబ్దంగా ఉన్నదంటే, సోంపేట దాటేదాకా అమ్మ నిద్రపోయింది. నాన్నగారు పోయిన తరువాత ఆమె కారులో నిద్రపోవడం అదే మొదలు. పాతసామాను వర్తకుడొకడు ఈ బండికి బేరం పెట్టి ఉన్నాడు. అతనికి ఇంకా జవాబు చెప్పలేదు. కుడివైపు బేరింగు కూడ అదే వయస్సుది, అదే నీళ్ళలో నానినది. వచ్చే నెల జీతం రాగానే అది మార్పించి, ఆ తరువాత చెబుతాము.

పాత బండ్లు నడుపుకొనే మన కుటుంబాలవారికి మనవి ఇంతే. వేగంతో పెరిగి, వంపులో మారే మోత వినిపిస్తే అది టైరు అని ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా వెనుక సీటులో కూర్చున్న పెద్దవారికి. వాళ్ళకు తెలుస్తుంది.